ముప్పై మూడో పలక

తర్లుపాడు రోడ్డులో మా షెడ్డు గోడకి
ప్లాస్టిక్ తొడుగులో ఒక కాగితం:
లాటుకి నలభై చొప్పున ఏడు పెట్టెలు,
రెండొందల ఎనభై పలకలు.
తీసి చూడాల్సినవి ముప్పై రెండు.
రెండు చెడితే పంపు. మూడు చెడితే ఆపు.
ఆయుధపూజకి దానికీ బొట్టు పెట్టారు,
కుంకం మరక ఇంకా ఉంది.
ఆ కాగితానికి పదకొండేళ్లుగా నేను చెవిని.

పలకని కళ్లతో చూసి చెప్పేది తక్కువ.
చట్రం పట్టుకుని వేలి కణుపుతో కొడతాను.
మంచిదైతే ఖంగుమంటుంది,
చెంబు బావి గట్టుకి తగిలినట్టు.
పగులుంటే, అది వెంట్రుకంతైనా సరే,
డబ్బుమని నోరు మూసుకుంటుంది.

చేరిన కొత్తలో గురవయ్య మేస్త్రి అన్నాడు,
"అన్నమంతా పిసికి చూస్తామా మే, ఒక్క మెతుకు చాలదా?"
నేనూ తలూపాను.
చాన్నాళ్లకి గాని తట్టలా,
అన్నం ఒక్క ఎసట్లో ఉడుకుతుంది,
పలకలు అట్టా కాదే!
ఒకటి క్వారీలో పై పొర, ఒకటి నీళ్లూరే అడుగు పొర.
ఒకటి ఖాజావలి ఉలి పదునుగా ఉన్న పొద్దుటిది,
ఇంకోటి వాడికి జరమొచ్చిన మధ్యాహ్నానిది.
అన్నీ ఒకే గడ్డి మీద పక్కపక్కన పడుకుని
మార్కాపురం అని ఒకే ఊరి పేరు చెప్పుకుంటాయి.

ఇంకోటి చెప్తా, నమ్మరు.
బాగా చెడ్డ లాటు వచ్చిందనుకోండి,
పది కొట్టేసరికే మూడు దొరుకుతాయి.
ఏడు పెట్టెలూ విప్పిస్తారు.
రాత్రి తొమ్మిదైనా ట్యూబులైటు కింద
మెళ్లో పడ్డ పురుగుల్ని దులుపుకుంటూ
అన్నీ కొడతాం, చెడ్డవి తీసి మంచివి పెడతాం.
తెల్లారి లారీ ఎక్కేది కడిగిన ముత్యం.
మంచి లాటు ఎటూ మంచిదే.
మరి పిల్లోడి ఒళ్లో రెండు ముక్కలయ్యేది ఎక్కడిదంటారా?
నడిమి రకం.
అంత మంచీ కాదు, అంత చెడ్డా కాదు,
ముప్పై రెండిట్లో రెండంటే రెండే చూపించి
మర్యాదగా గేటు దాటేది.
మనుషుల సంగతి నన్నడక్కండి,
నాకు తెలిసింది రాయి.

నిన్న అదే జరిగింది.
ఆరోది డబ్బుమంది. పంతొమ్మిదోది డబ్బుమంది.
అక్కణ్ణించి ఊపిరి బిగబట్టి కొట్టుకుంటూ పోయాను.
ముప్పై రెండోది ఖంగుమంది.
కాగితం ప్రకారం సరుకు మంచిది.
నా వేళ్ల లెక్కలో, లోపల ఇంకో పదిహేను,
ఒకటి అటో ఇటో.
జిలానీ అప్పటికే నోట్లో మేకులు పెట్టుకుని
సుత్తి పట్టుకుని నిలబడ్డాడు.
"అయిందా అక్కా?"

అయింది.
చెయ్యే ఎందుకో ఊరుకోలా.
ముప్పై మూడోది తీసి కొట్టాను.
డబ్.

జిలానీ నన్ను చూశాడు. నేను కాగితాన్ని చూశాను.
అందులో ముప్పై మూడు లేదు.
ఆపమంటే ఏడు పెట్టెలు, మళ్లీ రాత్రి తొమ్మిది,
ఓబులమ్మ చంటిది పాలకి ఏడుస్తా ఉంటుంది,
పైగా ఆపే సంతకం నాది కాదు.
ఇవన్నీ నిజాలే. ఇవన్నీ అప్పుడే గుర్తుకురావడం కూడా నిజమే.

దాన్ని పక్కన పెట్టి మంచిదొకటి ఇరికించాను.
పద్నాలుగు, అనుకున్నాను. ఒకటి అటో ఇటో.
"కొట్టు జిలానీ" అన్నాను.

మా ఇంటి ప్రహరీ అంతా తీసేసిన పలకలే,
చట్రాలు ఊడబీకి బురదతో పేర్చినవి.
ఒక్కొక్కటీ నా వేలు ఎరిగినదే,
ఒక్కొక్కటీ చెడ్డదని గట్టిగా తెలిసినదే.
పదేళ్లలో ఒక్కటీ నన్ను మోసం చెయ్యలా.

నిన్నటిది వాటి పైన పెట్టి
బలపంతో ముప్పై మూడని అంకె వేశాను.
పొద్దున లేచి చూస్తే మంచుకి అంకె కరిగిపోయింది.
ఊరికే, వేలితో మళ్లీ కొట్టాను.

లారీ ఈపాటికి వినుకొండ దాటి ఉంటుంది.